సాంచెలు ఆగిన వేసవి

అంగన్‌వాడీలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరయిన టీచర్ దగ్గర ఏదో కిటుకు దాగి ఉంటుందని వాళ్ళ నమ్మకం. జూన్‌లో బడికి పంపే ముందు పిల్లల్ని ఎట్లా తయారు చేయాలి, ఏడ్చేవాళ్ళను ఎట్లా ఊరుకోబెట్టాలి అని అడుగుతారు. ఏడ్చే పిల్లల గురించి నాకెప్పుడూ పెద్ద దిగులు లేదు. ఏడ్చేవాడు తనకేదో కావాలని చెబుతూనే ఉన్నాడు. కొరికేవాడు కూడా చెబుతూనే ఉన్నాడు, కాకపోతే కొంచెం గట్టిగా. నేను ఆ అమ్మాయిలకు చెప్పేది వేరు. మీ సెంటర్లో మీకు ఏ ఇబ్బందీ పెట్టని పిల్ల ఎవరో చూసుకోండి, ముందు ఆ పిల్ల పక్కన పోయి కూర్చోండి అంటాను. వాళ్ళు తలూపి, చాయ్ తాగి వెళ్ళిపోతారు. ఎందుకట్లా అంటున్నానని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తున్నాను.

మా పుట్టిల్లు హుజూరాబాద్ వైపు. పెళ్ళయి ఈ నేత పట్టణానికి వచ్చాను. మా అత్తగారి వాళ్ళు మెథడిస్టు సంఘంవాళ్ళు, ఇల్లు చర్చిని ఆనుకొని ఉంటుంది. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. తక్కినదంతా శాఖా గ్రంథాలయంలో జరిగింది. దానికి శుక్రవారం సెలవు. ఆదివారం ఆరాధన కాగానే అటు నుంచి అటే అక్కడికి పోయేదాన్ని. పిల్లల పెంపకం, పిల్లల మనసు, పిల్లల జబ్బులు అని అట్టమీద ఉన్న ప్రతి పుస్తకమూ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. లేదంటే అబద్ధమవుతుంది.

మా సెంటర్ సాంచెల వాడలో ఉండేది. మరమగ్గాలను ఇక్కడ సాంచెలంటారు. అద్దెకు తీసుకున్న గది అది. గోడకు అవతల వైపు సాంచెల షెడ్డు. పొద్దున మేము తలుపు తెరిచేటప్పటికే అవి నడుస్తుండేవి, సాయంత్రం తాళం వేసేటప్పుడూ నడుస్తుండేవి. గోడకు వేలాడదీసిన అక్షరాల చార్టు అదురుతూనే ఉండేది. పాట పాడితే పాడే నాకే వినబడేది కాదు. కొత్తలో గొంతు పోయి వేడినీళ్ళు పుక్కిలించేదాన్ని. తర్వాత వాడకట్టు పద్ధతి నేర్చుకున్నాను.

ఆ పద్ధతి ఏమిటంటే, సాంచెల వాడలో మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే దారం తెగిందని. చూపుడు వేలు గిర్రున తిప్పితే దారం చుట్టిన కండె అయిపోయిందని. అన్నం, నీళ్ళు, రా, పో, కరెంటు, సేటు వస్తున్నాడు, అన్నింటికీ ఒక్కో సైగ. పెదవులు చూసి కూడా సగం మాట పట్టేస్తారు. షెడ్డు లోపలి అలవాటు ఇంటికీ వస్తుంది, ఎందుకంటే ఇల్లూ షెడ్డూ చాలామందికి ఒకటే. పిల్లలు నడక కంటే ముందే ఈ సైగలు నేర్చుకునేవాళ్ళు.

మా ఆయా ఆ వాడకట్టు మనిషే. భర్త సాంచెల మీద పనిచేస్తూ పోయాడు. వయసులో నాకంటే చిన్నదే, కానీ నాకంటే ధైర్యం గలది. గదికి ఈ చివర నుంచి ఆ చివర ఉన్న పిల్లలందరినీ ఒక్క చేతి ఊపుతో కూర్చోబెట్టేది. నేను పుస్తకం చూసి ఏదన్నా చెబితే, "ఆ పుస్తకం రాసినాయినె మన వాడకట్టుకు వచ్చిండా టీచరమ్మా?" అనేది.

వేసవికి ముందు నెలల్లో మాకు అసలు పని మొదలయ్యేది. ఐదేళ్ళు నిండబోయే పిల్లల్ని బడికి సిద్ధం చేయాలి. అంటే అక్షరాలని అనుకుంటారు అందరూ. అక్షరాలు బడిలో వస్తాయి. మేము నేర్పేది వేరే: తన గుండీలు తాను పెట్టుకోవడం, చెప్పులు వరసలో విడవడం, తన కంచం తాను కడుక్కోవడం, ఒంటికి వచ్చినప్పుడు చెప్పడం, అమ్మ కనబడకపోయినా కాసేపు ఉండగలగడం. ఇళ్ళకు పోయి తల్లిదండ్రులకు కూడా ఇదే చెప్పాలి. పిల్లలకంటే వాళ్ళను సిద్ధం చేయడమే కష్టం.

ఆ ఏడాది బడికి పోయేవాళ్ళలో ఒక పాప ఉండేది. తండ్రి సాంచెల మీద కూలి. తల్లి బీడీలు చేసేది, చాట ఒళ్ళో పెట్టుకొని పొద్దంతా గడప దగ్గరే. ఇంట్లో ఒక నాయనమ్మ. పాప ఎంత బుద్ధిమంతురాలంటే, నేను అందరికంటే ముందు ఆమె పేరే అనుకున్నాను, ఈ పిల్ల గురించి బెంగ లేదని. చెప్పులు వరసగా విడిచేది. చిన్నపిల్లల గుండీలు కూడా తానే పెట్టేది. అభినయ గేయాలప్పుడు ఆమె చేతులు చూసి తక్కిన పిల్లలు నేర్చుకునేవాళ్ళు. మాట మాత్రం లేదు. నవ్వేది, తలూపేది, సైగ చేసేది.

నాకు అనుమానం రాలేదని కాదు. గ్రంథాలయంలో చదివిన ఒక పుస్తకంలో, పిల్లకు మాట రాకపోతే ముందు చెవి చూడమని, వెనక నుంచి చప్పుడు చేసి చూడమని ఉంది. ఒకరోజు ఆమె వెనక నిలబడి స్టీలు పళ్ళెం బండల మీద పడేశాను. పాప గభాలున తిరిగి చూసింది. ఆయా పొట్ట పట్టుకొని నవ్వింది.

"అయ్యిందా పరీక్ష? మా పోరగాండ్లందరు గంతే టీచరమ్మా. సాంచెల చప్పుడుల పుట్టినోళ్ళు, మాట జర ఆలిశెమైతది. నా కొడుకు బడికి పోయేదాక నోరు ఇప్పలే. ఇప్పుడు మూసుమంటె మూస్తలేడు."

నేనూ నవ్వాను. ఆ పళ్ళెం పడినప్పుడు గదిలోని పిల్లలందరూ ఉలిక్కిపడి ఇటు తిరిగారని, వాళ్ళ మొహాలు చూసి పాప తిరిగిందని నాకు తట్టలేదు. పుస్తకంలో పిల్ల ఒక్కతే ఉంది. నా గదిలో పిల్లలు గుంపుగా ఉన్నారు. చూసి చేయడమే ఆమె బతుకని అప్పటికి మాకు ఎవరికీ తెలియదు. వైద్య పరీక్షలకు ఒక బృందం వచ్చినప్పుడు కూడా అంతే. ఆ మోతలో డాక్టరమ్మ పాప పళ్ళు చూసింది, కళ్ళు చూసింది, పేరేంటని అడిగింది. ఆయా చెప్పింది.

ఎండలు ముదిరే రోజుల్లో సాంచెలు ఆగిపోయాయి. ఆర్డర్లు లేవన్నారు, నూలు రావడం లేదన్నారు. రెండు రోజుల్లో మొదలవుతాయన్నారు, మొదలవలేదు. వాడకట్టు మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమయింది. నాకైతే చెవుల్లో గుయ్‌మన్నది. మనుషులు పక్కపక్కన కూర్చొని కూడా అరుచుకునేవాళ్ళు, అరిచి తామే నవ్వుకునేవాళ్ళు. ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారో, ఎవరు ఎవరిని తిడుతున్నారో అన్నీ వినబడడం మొదలైంది. మొదటి రోజు అది వింతగా అనిపించింది. తర్వాత ఆ నిశ్శబ్దం అంటే ఏమిటో అందరికీ అర్థమయింది. పొయ్యి మీద ఏం పెట్టాలో తెలియని ఇళ్ళు ఎక్కువైనాయి.

మా సెంటర్లో మాత్రం పిల్లల గొంతులు బయటపడ్డాయి. మాటే రాదనుకున్న ఇద్దరు ముగ్గురు గలగలా మాట్లాడసాగారు. ఆయా చెప్పింది నిజమే అనిపించింది. ఇదే అదను అనుకొని బడి ఆట మొదలుపెట్టాను. నేను పెద్ద సారును. పేరు పిలుస్తాను, పిలిచినవాళ్ళు లేచి 'ఉన్న సార్' అనాలి. పిల్లలకు భలే నచ్చింది.

పాప కిటికీ చువ్వలు పట్టుకొని బయట మేకపిల్లను చూస్తున్నది. వీపు మా వైపు ఉంది. పేరు పిలిచాను. మళ్ళీ పిలిచాను. పిల్లలు అందుకొని పిలిచారు. ఒకడు ఆటగా కేకపెట్టాడు, దాంతో అందరూ కేకలు పెట్టారు. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. ఆ గదిలో ఆమె పేరు తప్ప ఇంకేమీ లేదు. పాప మేకపిల్లను చూస్తూనే ఉంది.

పిల్లలు నవ్వుతున్నారు. ఆయా నవ్వడం లేదు. చేతిలో గరిటె పట్టుకొని నిలబడిపోయింది.

"టీచరమ్మా," అంది మెల్లగా. "నా కొడుకును పిలిస్తె తిరిగి చూసేటోడు."

ఆ మధ్యాహ్నం ఇద్దరం వాళ్ళ ఇంటికి పోయాము. తల్లి గడపలో బీడీ ఆకు కత్తిరిస్తున్నది. పాప లోపల మా వైపు వీపు పెట్టి కూర్చొని కత్తిరించిన ఆకును కట్టలుగా పేరుస్తున్నది. నేను చెప్పవలసింది చెప్పాను. తల్లి నా మొహం వైపు చూడలేదు.

"ఏం మాట్లాడ్తున్నవక్కా? నా బిడ్డకు ఇనవడకపోవుడేంది? నీళ్ళు తెమ్మంటె తెస్తది. బాపును పిల్వమంటె పిల్సుకొస్తది. దుకాణంకు పంపితె సామాన్ తెస్తది."

"ఎట్ల చెప్తవు చెల్లె? నోటితోనా, చేతితోనా?"

ఆమె చెయ్యి బీడీ ఆకు మీద ఆగిపోయింది. నాయనమ్మ మంచంలోంచి గయ్యిమన్నది: "మంచిగున్న పిల్లకు లేని రోగం అంటగడ్తున్నరు! మా ఇంట్ల ఎవ్వలకు లేదు గసొంటిది!"

తల్లి లేచింది. చాట పక్కన పెట్టింది. లోపలికి పోయి పాప వెనక నిలబడింది. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. నేను చూస్తున్నాను. అప్పుడు నాకు అర్థమయింది, ఆ తల్లి తన బిడ్డను ఇంతవరకు నోటితో పిలవలేదు. భుజం తట్టి పిలిచింది, చెయ్యి ఊపి పిలిచింది. సాంచెల మోతలో ఏ తల్లి అయినా అంతే. ఆమె పేరు మెల్లగా అన్నది. తర్వాత గట్టిగా అన్నది. తర్వాత ఎంత గట్టిగా అన్నదంటే పక్కిండ్ల వాళ్ళు గడపల్లోకి వచ్చారు. పాప చేతులు ఆకులు పేరుస్తూనే ఉన్నాయి. తల్లి ఒక అడుగు ముందుకు వేసింది. నీడ ఆకుల మీద పడింది. పాప తలెత్తి చూసి నవ్వింది.



కరీంనగర్ దవాఖానకు నేను, తల్లి, పాప పోయాము. తండ్రి రాలేదు, పని అడగడానికి సేటు ఇంటి ముందు కూర్చున్నవాళ్ళలో ఆయన ఉన్నాడు. తలుపులు బిగించిన ఒక చిన్న గదిలో పాప చెవులకు ఏవో తగిలించి చూశారు. డాక్టరు చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. రెండు చెవులూ దాదాపు లేనట్టే, పుట్టుక నుంచీ అయి ఉంటుందన్నాడు. ఇంకా చిన్నప్పుడే తెచ్చి ఉంటే చేయగలిగింది చాలా ఉండేదన్నాడు.

"ఇన్నేళ్ళు ఏం చేశారమ్మా?" అని అడిగాడు.

"ఏం జెయ్యలే సార్," అంది తల్లి. "సాంచెల కాడున్నం."

ఆయనకు ఆ జవాబు అర్థం కాలేదు. నాకు అర్థమయింది.

చెవిటి పిల్లల కోసం అక్కడే హాస్టల్‌తో ఉన్న ఒక బడికి పొమ్మన్నాడు. పోయాము. అక్కడి టీచరమ్మ మంచి మనిషి, పాప చేతులు చూసి ముచ్చటపడింది. "జూన్‌లో తీసుకురండి. కండ్లు పెట్టి చూసుడు, చేతితో చెప్పుడు, రెండూ వచ్చు ఈ పిల్లకు. మా దగ్గరికొచ్చే పిల్లలకు మేము మొదట నేర్పేది గదే," అన్నది.

ఆ ఆవరణలో నేను చూసింది ఇప్పటికీ మరిచిపోలేదు. మెట్ల మీద ఒక పెద్దపిల్ల నలుగురు చిన్నపిల్లలకు చేతులతో ఏదో కథ చెబుతున్నది. ఆ పిల్ల వేళ్ళు పరుగెత్తుతున్నాయి, భయపడుతున్నాయి, ఎక్కడో దాక్కుంటున్నాయి. మా పాప తల్లి చెయ్యి విడిపించుకొని వాళ్ళ ముందుకు పోయి నిలబడింది. నోరు తెరిచి చూసింది. వాడకట్టు సైగల్లో దారం ఉంది, అన్నం ఉంది, రా ఉంది, పో ఉంది. నిన్న అనేది లేదు. ఎందుకు అనేది లేదు. కథ లేదు. చేతులతో కథ చెప్పవచ్చని ఆ పిల్ల అప్పుడే మొదటిసారి చూసింది. వెనక్కు తీసుకురావడానికి ఎత్తుకోవలసి వచ్చింది. గేటు దాటేదాకా తల్లి భుజం మీదుగా అటే చూసింది.

బస్సులో తల్లి నాతో, "జూన్‌ల ఏస్తనక్కా. ఏడ్చినా ఏస్త," అన్నది. నేను నమ్మాను. ఇంటికి పోయాక నా భర్తతో చెప్పి సంతోషపడ్డాను కూడా. ఆ వారమంతా వాళ్ళింటికి రోజూ పోయాను. హాస్టల్లో తన బట్టలు తాను గుర్తుపట్టాలని ఆయా ప్రతి గౌను అంచుకూ ఎర్రదారం కుట్టింది. ఒంటరిగా పడుకోవడం అలవాటు కావాలని పాపను నాయనమ్మ పక్కలోంచి వేరే చాప మీదికి మార్చాము. నాయనమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు ఆ చాప తానే పరిచింది.

సాంచెలు మాత్రం మొదలవలేదు.

ఒకరోజు పొద్దున ఆయా సెంటర్‌కు వస్తూనే, "వాళ్ళు భివండి పోతుండ్రట," అన్నది. మహారాష్ట్రలో అదీ సాంచెల ఊరే. పిల్లలను ఆమెకు అప్పజెప్పి పరుగున పోయాను. మూటలు కట్టి ఉన్నాయి. తండ్రి మంచం నవారు విప్పుతున్నాడు. ఆయనను నేను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉన్నాడు.

"గీడ బందయినయి టీచరమ్మా, గాడ నడుస్తున్నయి," అన్నాడు. "మా బామ్మర్ది రమ్మన్నడు. గీడ కూసుంటె ఏం తినాలె?"

"మీరు పోండి తమ్మీ. పాపను జూన్‌ల నేను తీస్కపోయి హాస్టల్ల ఏస్త. ఆడికి మాట్లాడినం గద. పండుగలకు మా ఇంట్ల ఉంటది. నా బిడ్డ తీర్గ చూస్కుంట."

ఆయన నవారు చుట్టడం ఆపి భార్య వైపు చూశాడు. ఆయన ఒప్పుకునేవాడే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. తల్లి వంచిన తల ఎత్తలేదు.

"వద్దక్కా," అంది.

"నువ్వే గద చెల్లె ఏస్తనన్నవు?"

"అన్న. గప్పుడు ఈ ఊర్లెనే ఉంటమనుకున్న. బస్సెక్కితె కరీంనగర్ల ఉంటననుకున్న. ఇప్పుడు ఏడికో పోవట్టె. ఫోన్ల నా బిడ్డ నాతోని ఏం మాట్లాడ్తది? నేనేం చెప్త? అవ్వ ఇడిసిపెట్టి పోయిందనుకుంటది. లేదు బిడ్డా, వస్తా అని చెప్పుటానికి కూడ నాకు రాదు."

నేను ఏదో చెప్పబోయాను. ఆమె ఆపింది.

"ఇంకోటి అక్కా. గా హాస్టల్ల ఏస్తె చెవిటిపిల్ల అంటరు, మూగపిల్ల అంటరు. సాంచెల కాడ ఎవ్వలంటరు? గాడ అందరం మూగోళ్ళమే."

"చెల్లే, మీరు సాంచెల కాడికెల్లి బయటికొచ్చి మాట్లాడుకుంటరు. చాయ్ తాక్కుంట మాట్లాడుకుంటరు, పండుకునేటప్పుడు మాట్లాడుకుంటరు. ఆమె ఎప్పుడు మాట్లాడాలె?"

బిడ్డకు దూరంగా ఉండి, రేపు వస్తానని చెప్పలేని తల్లి ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. తర్వాత వెతికాను కూడా. నాయనమ్మ మూట ముడి బిగిస్తూ, "పోనియ్యి బిడ్డా. మస్తు తిరిగినవు మా కోసం," అన్నది. అది వీడ్కోలు అని అర్థమయి లేచాను. పాప ఎర్రదారం కుట్టిన గౌను వేసుకొని ఉంది. కరీంనగర్ పోతున్నామనుకున్నదో ఏమో, తెగ హుషారుగా ఉంది. మెట్ల మీద చూసిన పెద్దపిల్లలాగా వేళ్ళు గాలిలో పరుగెత్తించి నాకు చూపింది. ఏం చెబుతున్నదో నాకు తెలియలేదు. తెలిసినట్టు తలూపాను.

జూన్‌లో హాస్టల్ టీచరమ్మ ఫోన్ చేసింది, పాప రాలేదేమని. ఊరు విడిచిపోయారని చెప్పాను. ఆ నెలంతా సీటు ఉంచి చూస్తాను, తర్వాత ఇంకో పిల్లకు ఇవ్వక తప్పదన్నది. అట్లాగే చేసింది. తప్పు పట్టడానికేమీ లేదు.

తండ్రి నంబరుకు కొన్నాళ్ళు ఫోన్ చేశాను. అక్కడ చెవిటి పిల్లల బడి ఎక్కడుందో కనుక్కొని చెప్పాను. సరే టీచరమ్మా అనేవాడు. వెనక సాంచెల మోత వినబడేది, నేను అరిచేదాన్ని, ఆయనా అరిచేవాడు. ఎంత చెవిన పడిందో తెలియదు. తర్వాత ఆ నంబరు పనిచేయడం మానేసింది.

ఇక్కడ సాంచెలు మళ్ళీ మొదలైనాయి. వాళ్ళు మాత్రం రాలేదు. నేను రిటైరయ్యాను. ఆయా ఇంకా పనిచేస్తున్నది, మొన్న బజారులో కలిసింది. భివండి నుంచి ఆ వాడకట్టుకు చెందిన ఒకామె ఇక్కడ ఏదో పెళ్ళికి వచ్చి, వాళ్ళ సంగతులు చెప్పిందట.

"పిల్ల ఇంత ఎత్తు అయిందట టీచరమ్మా," అని చెయ్యి తన భుజం దాకా ఎత్తి చూపింది. "తల్లి పక్కన నిలవడి కండెలు చుడ్తదట. శాన సుతారమట పని. సేటుకు గూడ మస్తు ఇష్టమట."

"బడి?" అన్నాను.

ఆయా ఆ మాట వినలేదో, వినీ దాటేసిందో. నా చెయ్యి పట్టుకొని దగ్గరికి జరిగింది, నన్ను ఊరడించాలనే అనుకుంటాను, కళ్ళు మెరుస్తుండగా చెప్పింది:

"ఫికర్ చెయ్యకు. పిల్లకు ఇనవడదని గాడ ఇప్పటిదాంక ఎవ్వలకు ఎర్కలేదట."